కరణంగారి తాళం

ఉద్యోగం మానేసిన మనిషి తాళాన్ని సర్వర్లోంచి తీసెయ్యడానికి నాకు అరనిమిషం చాలు. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న మెషీన్లోకి కమాండ్ లైన్ మీద ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్తాను. ఆథరైజ్డ్ కీస్ అనే ఫైలు తెరిచి, అతని కీ ఉన్న ఒక్క వరుస చెరిపేస్తాను. అతని లాప్‌టాప్‌లో రహస్య కీ అలాగే ఉంటుంది గానీ దానితో ఆ తలుపు ఇక తెరుచుకోదు. అయితే కొత్తవాళ్ళు రెండు సంగతులు మర్చిపోతుంటారు. అప్పటికే లోపల ఉన్నవాడు వరుస చెరిపినంత మాత్రాన బయటికి పోడు, అతని సెషన్‌ను విడిగా తెంపాలి. ఇక అతను ముందే పట్టుకెళ్ళిన కాపీల గురించి ఆ ఫైలుకి ఏమీ తెలీదు.

ఈ పని చేసినప్పుడల్లా నాకు 1984 జనవరి 6 గుర్తొస్తుంది. నేను పుట్టకముందు సంగతే అనుకోండి. ఆ రోజు ఎన్టీ రామారావు ప్రభుత్వం ఒక ఆర్డినెన్సుతో పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పోస్టులన్నీ రద్దు చేసింది. కరణం, మునసబు అన్న మాటలు కాగితం మీద ఒక్క దెబ్బకి చెల్లకుండా పోయాయి.

పార్ట్‌టైమ్ అన్న మాట వింటే మా గుంటూరు వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు. మునసబు శిస్తు వసూలు చేసేవాడు, కరణం లెక్క రాసేవాడు. ఏ సర్వే నంబరులో పత్తి వేశారో, ఎందులో మిరప వేశారో, సాగులో ఉన్నది ఎవరో అడంగల్లో ఎక్కాలి. ఎవరి పేరున ఎంత భూమి ఉందో 10(1)లో ఉండాలి. ఆ దఫ్తరం చాలా ఊళ్ళలో కరణంగారి ఇంట్లోనే ఉండేది. అంటే డేటా, తాళం, అడ్మిన్ ముగ్గురూ ఒకే కప్పు కింద కాపురం అన్నమాట. రెండు వందల ఏళ్ళ కిందట కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫియత్తులు రాయించుకున్నప్పుడు ఆధారపడింది కూడా ఈ కరణాల కవిలెల మీదే.

ఇది తండ్రి నుంచి కొడుక్కి వచ్చే తాళం. 1895 నాటి మద్రాసు చట్టం దానికి ముద్ర వేసింది. ఆ ముద్ర మొదట పగిలింది మా జిల్లా కేసులోనే. అప్పటి తెనాలి తాలూకా పేరవలిని 1958లో రెండు గ్రామాలుగా విడగొట్టారు. కొత్తగా ఏర్పడిన పేరవలిపాలెం మునసబు పోస్టు ఎవరికివ్వాలన్న తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వంశాన్ని బట్టి ప్రభుత్వ పదవి ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. గాజుల దశరథ రామారావు కేసుగా లా విద్యార్థులు ఇప్పటికీ చదువుకుంటారు. కానీ తీర్పొచ్చినంత మాత్రాన ఊళ్ళో పెట్టె చేతులు మారుతుందా? మారడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది.

1984లో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఆర్డినెన్సు సంగతి. అది తాత్కాలికం. దాన్ని వెంటనే చట్టం చెయ్యకుండా ఒకదాని తర్వాత ఒకటి కొత్త ఆర్డినెన్సులు జారీ చేస్తూ పోయారు. ఆర్డినెన్సు కాలం తీరింది కాబట్టి మా పోస్టులు మాకు తిరిగి రావాలని గ్రామాధికారులు వాదించారు. 1985లో టి. వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రద్దు అనేది అయిపోయిన పని, ఆర్డినెన్సు పోయినా పోస్టు లేచి రాదంది. చెరిపిన కమాండ్ హిస్టరీలో లేకపోయినా చెరిగిన వరుస చెరిగినట్టే కదా, నాకు చప్పున అర్థమైంది. కానీ ప్రోగ్రామర్ లాజిక్ రాజ్యాంగానికి ఎప్పుడూ సరిపోదు. 2017లో కృష్ణకుమార్ సింగ్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ పాత వాదనను తోసిపుచ్చింది. తాత్కాలిక అధికారంతో చేసిన పనికి శాశ్వత ఫలితం దానంతటదే అంటుకోదంది.

రద్దు న్యాయమే అని నా అభిప్రాయం. చదువు ఒక కులం చేతిలో ఉన్న రోజుల్లో, ఆ పెట్టె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ కౌలురైతుకి ఎవరూ సంజాయిషీ ఇవ్వలేదు. కానీ తాళం తీసేసిన తీరు మాత్రం మా టీములో ఎవరైనా చేస్తే ఒప్పుకోను. పుస్తకాలు తీసుకోవచ్చు. ఏ గట్టు ఏ ఏడు జరిగింది, ఏ ఇద్దరన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్నారు అన్నది పుస్తకంలో ఉండదు. మా తాతయ్య పోస్టు పోయిన పదేళ్ళకి కూడా హద్దు తగాదా వస్తే మాజీ కరణంగారి అరుగు దగ్గరికే వెళ్ళేవాడు. "పంతులుగారూ, మన తూర్పు గట్టు ఎక్కడిదాకా అండీ?" అని అడిగేవాడట. సెషన్ తెగలేదు మరి.

2020 సెప్టెంబరు 7న తెలంగాణ ప్రభుత్వం వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ మధ్యాహ్నం మూడు గంటలకల్లా స్వాధీనం చేసుకోమని కలెక్టర్లకి చెప్పింది. అదే నెలలో ఆ పోస్టులు రద్దయ్యాయి, అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. ఆ మూడు గంటల గడువు చదివినప్పుడు, ఈసారి ఎవరో ముందు డేటా తీసుకుని తర్వాత తాళం తీస్తున్నారే అనుకున్నాను. తూర్పు గట్టు సంగతి ఆ సంచుల్లోకి ఎక్కిందో లేదో మాత్రం ఏ కలెక్టరూ లెక్క రాసి ఉండడు.