చేతులు కట్టుకున్న ప్రార్థన: మోర్మన్ ఇళ్లలో పసిపిల్లలు, దైనందిన జీవితం, మతాచరణ

అమెరికాలోని ఉటా రాష్ట్రంలో ఒక మోర్మన్ ఇంట్లో అన్నాల వేళ జరిగే ప్రార్థనను చూస్తే, తెలుగువాళ్ల కంటికి ముందుగా ఆనేది పిల్లల చేతులు. అవి జోడించి ఉండవు. రెండు చేతులూ రొమ్ముకు అడ్డంగా కట్టుకొని, తల వంచి, కళ్లు గట్టిగా మూసుకొని కూర్చుంటారు. మన బడుల్లో పంతులుగారు 'చేతులు కట్టుకోండి' అనగానే పిల్లలు కూర్చునే తీరు అచ్చం అదే. మనకది వినయానికి గుర్తు. అక్కడ కూడా వినయమే, కాకపోతే దానికి ఇంకో ప్రయోజనం ఉంది. కట్టుకున్న చెయ్యి పక్కవాణ్ణి గిల్లదు, బల్ల మీది రొట్టెను ముందుగా అందుకోదు. రెండేళ్ల పిల్లకు దేవుడంటే ఎవరో చెప్పకముందే తల్లి ఆ చేతులు మడిచి చూపిస్తుంది. మాట రాకముందే మతం ఒంటికి పడుతుంది.

మోర్మన్ మతం గత నూరేళ్లలో తన బరువును ఆరాధనా మందిరం నుంచి ఇంటికి కొంచెం కొంచెంగా జరుపుకుంటూ వచ్చింది. ఆ బరువు దిగిన చోట ఉన్నది పసిపిల్లలూ, వాళ్లను సాకే తల్లులూ. ఆ మతాన్ని సిద్ధాంత గ్రంథాల్లో వెతికితే సగమే దొరుకుతుందనీ, మిగతా సగం సాయంత్రం ఆరు గంటల వేళ వంటింటి గడప దగ్గర ఉంటుందనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

పేరు గురించి ఒక మాట. ఈ సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. 1830 ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ దీన్ని స్థాపించారు. తమను పూర్తి పేరుతోనే పిలవమని అప్పటి సంఘాధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ 2018లో కోరారు. చరిత్ర రచనలో స్థిరపడిన పేరు కనుక, తెలుగు పాఠకులకు తెలిసిన పేరు కనుక, ఇక్కడ 'మోర్మన్' అనే వాడుతున్నాను. అందులో అగౌరవం లేదు. ఇక్కడ వర్ణించిన సన్నివేశాలు ఏ ఒక్క కుటుంబానివీ కావు. ఆ సంప్రదాయం తెలిసిన ఎవరైనా 'మా ఇంట్లోనూ ఇంతే' అనుకునే సాధారణ సన్నివేశాలు.

మతాన్ని ఆచరించే మనుషుల రోజువారీ జీవితంలో చూడాలనే ధోరణికి 1990ల నుంచి అమెరికా విద్యాలోకంలో బలమైన పునాది పడింది. 1997లో డేవిడ్ హాల్ సంపాదకత్వంలో వెలువడిన వ్యాస సంపుటి ఆ దారిలో ఒక మైలురాయి. కేథలిక్ పిల్లలకు దేవుడి ఉనికి వస్తువుల ద్వారా, శరీరం ద్వారా ఎలా నిజమవుతుందో రాబర్ట్ ఓర్సీ రాశారు. ఆ చూపును మోర్మన్ ఇళ్ల మీదికి తిప్పినప్పుడు ఒక ముఖ్యమైన తేడా కనిపిస్తుంది. మోర్మన్ విశ్వాసంలో జన్మపాపం లేదు. ఆదాము తప్పు బిడ్డకు అంటదు. ఎనిమిదేళ్లు నిండేవరకు బిడ్డ పాపానికి జవాబుదారీ కాదు, కనుక పసికందుకు బాప్తిస్మం ఇవ్వరు. ఇవ్వడం తప్పని మోర్మన్ గ్రంథమే గట్టిగా చెబుతుంది. దీని ఫలితం వేదాంతంలో కన్నా బల్లల వరుసల్లో బాగా తెలుస్తుంది. ఆరాధన మధ్యలో గుక్కపట్టి ఏడ్చే బిడ్డ తల్లిని అలసటకు గురిచేయవచ్చు, సిగ్గుపడేలా చేయవచ్చు. అయినా ఆ మతం దృష్టిలో ఆ గదిలో నిష్కళంకంగా ఉన్నది ఆ బిడ్డే.

పిల్లల కోసం ప్రత్యేకమైన ఏర్పాటు మాత్రం అల్లరి గురించిన ఆందోళనతోనే మొదలైంది. ఉటాలోని ఫార్మింగ్టన్‌లో ఆరేలియా స్పెన్సర్ రోజర్స్ అనే తల్లి, ఊళ్లో మగపిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా వీధుల్లో తిరగడం చూసి బెంగపడ్డారు. ఇలా పెరిగితే మన ఆడపిల్లలకు మంచి భర్తలు ఎక్కడినుంచి వస్తారని పెద్దలను అడిగారు. మొదట మగపిల్లలకే అనుకున్న తరగతిలో ఆడపిల్లలనూ చేర్చారు, వాళ్లు లేకపోతే పాట నిండుగా ఉండదని. 1878 ఆగస్టు 25న జరిగిన తొలి 'ప్రైమరీ' సమావేశానికి 224 మంది పిల్లలు వచ్చారు. పండ్ల తోటల్లో దొంగతనం చెయ్యొద్దన్నది వాళ్లకు చెప్పిన తొలి పాఠాల్లో ఒకటి. ఆరేలియా బాల్యం తెలిస్తే ఆ బెంగ లోతు అర్థమవుతుంది. 1846లో మోర్మన్ల వలస దారిలో తల్లి చనిపోయింది. తండ్రి మత ప్రచారానికి ఇంగ్లండు వెళ్లారు. పద్నాలుగేళ్ల అక్కా, పన్నెండేళ్ల ఆరేలియా కలిసి తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చలికాలమంతా సాకారు. పిల్లలకు పెద్దల తోడు లేకపోతే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ తరంలో ఇల్లు అంటే ఇప్పటి ఇల్లు కాదు. బహుభార్యత్వం ఉన్న కుటుంబాల్లో తండ్రి ఏ రోజు ఏ గడపలో ఉంటాడన్నది వేరే లెక్క. 1890లో సంఘం ఆ ఆచారాన్ని విరమిస్తున్నట్టు ప్రకటించింది. తరువాతి పాతికేళ్లలో తల్లీ తండ్రీ పిల్లలతో కూడిన చిన్న కుటుంబం ఆదర్శంగా స్థిరపడుతున్న సమయంలో, 1915 ఏప్రిల్‌లో, అధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్ నాయకత్వంలో ఒక లేఖ వెలువడింది. 'గృహ సాయంకాలం' పాటించమన్నది దాని సారాంశం. నెలకు ఒక్కసారైనా తల్లిదండ్రులు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని ప్రార్థించాలి, పాడాలి, గ్రంథం చదవాలి, ఇంటి సంగతులు మాట్లాడుకోవాలి, ఆడుకోవాలి. ఆ లేఖలో నన్ను ఆగి ఆలోచింపజేసిన విషయాలు రెండు. బిగుసుకుపోయిన పద్ధతిని పనిగట్టుకొని దూరం పెట్టమన్నది మొదటిది. ఇంట్లోనే చేసుకోగల తేలికపాటి ఫలహారం పెట్టవచ్చన్నది రెండోది. మత పెద్దలు సంతకం చేసిన ఒక అధికారిక పత్రంలో చిరుతిండికి చోటు దొరికిందంటే, రాసినవాళ్లకు పిల్లల సంగతి బాగా తెలుసు.

1965లో అధ్యక్షుడు డేవిడ్ మెకే కాలంలో అది వారవారం జరగాలన్నారు, ఇళ్లకు పాఠ్యపుస్తకం పంపారు. 1970లో సోమవారాన్ని ఖాయం చేసి, ఆ సాయంత్రం సంఘంలో వేరే సమావేశాలేవీ పెట్టవద్దన్నారు. చాలా ఇళ్ల గోడ మీద ఇప్పటికీ ఒక చెక్కపలక కనిపిస్తుంది. ప్రార్థన, పాట, పాఠం, ఆట, తీపి అని పనుల పేర్లుంటాయి. వాటి కింద కొక్కేలు, కొక్కేలకు పిల్లల పేర్లు రాసిన బిళ్లలు. వారం మారితే బిళ్లలు మారతాయి. నాలుగేళ్లవాడికి 'పాఠం' వంతు వచ్చిన సోమవారాన్ని ఊహించండి. నోవహు ఓడ కథ మొదలుపెడతాడు. ఓడలోకి రాక్షసబల్లులు ఎక్కుతాయి. అక్క 'అవి లేవు' అంటుంది, వాడు 'ఉన్నాయి' అంటాడు. తండ్రి సర్దిచెప్పేలోగా చంటిది కొవ్వొత్తి వైపు పాకుతుంది. పావుగంటలో పాఠం అయిపోతుంది. ఎలాగూ అందరి చూపూ పొయ్యి మీద చల్లారుతున్న తీపి మీదే. ఏం నేర్చుకున్నారని వాళ్లను అడిగితే జవాబు రాకపోవచ్చు. కానీ వచ్చే సోమవారం మళ్లీ జరుగుతుంది. వంతు వస్తుందని ఆ పిల్లవాడికి తెలుసు. తాను చెప్పింది పెద్దవాళ్లు కూర్చొని విన్నారని కూడా తెలుసు.

ఇక్కడ ఒక పాట చరిత్ర సాక్ష్యం చెబుతుంది. మోర్మన్ పిల్లలందరికీ నోటికి వచ్చే 'ఐ యామ్ ఏ చైల్డ్ ఆఫ్ గాడ్'కు 1957లో నేయోమీ రాండల్ మాటలు రాశారు, మిల్‌డ్రెడ్ పెటిట్ బాణీ కట్టారు. పల్లవిలో మొదట 'తెలుసుకోవడం' అనే అర్థమిచ్చే క్రియ ఉండేది. తెలిస్తే చాలదు, చేయాలి కదా అని అప్పటి అపొస్తలుడు, తరువాత అధ్యక్షుడైన స్పెన్సర్ కింబల్ సూచించారు. ఆ ఒక్క క్రియా మారింది. ఈ మతం పిల్లల నుంచి ఏం ఆశిస్తుందో ఆ మార్పులో ఉంది. వేదాంతం తరువాత వస్తుంది, ముందు చేతులు కట్టుకోవాలి, బిళ్ల మార్చాలి, పళ్లెం అందించాలి.

ఆదివారం సంగతి వేరు. వారమంతటిలో తల్లులకు అత్యంత కష్టమైన గంట ఆ రోజే. 1980 దాకా వారంలో వేర్వేరు రోజుల్లో ఉన్న సమావేశాలన్నిటినీ ఆ ఏడాది ఆదివారం మూడు గంటల్లోకి కుదించారు. 2019 జనవరి నుంచి అది రెండు గంటలైంది. మిగిలిన బోధన ఇంటి బాధ్యతన్నారు. మొదటి గంటలో పిల్లలు పెద్దలతోనే బల్లల మీద కూర్చోవాలి. వాళ్ల సంచుల్లో గుడ్డతో కుట్టిన బొమ్మల పుస్తకం, డబ్బాలో చీరియోస్ అనే ఓట్స్ చిరుతిండి, రంగు పెన్సిళ్లు ఉంటాయి. రొట్టె ముక్కల పళ్లెం, చిన్న గిన్నెల్లో నీళ్ల పళ్లెం వరుసల వెంట చేతులు మారుతూ వస్తాయి. మద్యం నిషిద్ధం కనుక ఈ ప్రభు భోజన సంస్కారానికి ద్రాక్షారసం బదులు నీళ్లే. పసివాళ్లూ తీసుకుంటారు. మూడేళ్లది అన్నిటికన్నా పెద్ద ముక్క కోసం పళ్లెమంతా వెతికితే, వరుసంతా ఓపిగ్గా ఆగుతుంది.

ఈ సంఘంలో స్థానిక పెద్దలకు జీతం లేదు. బిషప్ అంటే పక్కింటి దంతవైద్యుడో, బడి పంతులో, వడ్రంగో. ఆదివారం ఆయన వేదిక మీద ఉండాలి. కింద బల్ల మీద నలుగురు పిల్లలతో ఆయన భార్య ఒంటరిగా ఉంటుంది. ఒకడు బల్ల కిందికి దూరతాడు, ఇంకొకడు చీరియోస్ ఒలకబోస్తాడు, చంటిది ఏడుపు అందుకుంటుంది. ఆమె లేచి వసారాలోకి వెళుతుంది. అక్కడి స్పీకర్‌లో ప్రసంగం వినబడుతుంది, బిడ్డను భుజాన వేసుకొని అటూ ఇటూ నడుస్తూ సగం వింటుంది. 'ఇంటికి ప్రాధాన్యం' అని వేదిక మీద ఎన్నిసార్లు చెప్పినా, ఆ ఇంటిని ఆ గంటలో మోస్తున్న మనిషి గోడకు అవతల ఉంది. పరిశోధకులుగా మనం వేదిక మీది ప్రసంగాలను సేకరించినంత శ్రద్ధగా ఆ వసారా నడకను సేకరించలేదన్నది నాకు బాధ కలిగించే విషయం. పిల్లలు కలగనివాళ్లూ, ఒంటరిగా పెంచుతున్నవాళ్లూ అదే బల్లల మీద కూర్చొని కుటుంబమే శాశ్వతమన్న మాట వినాలి. వాళ్లకు ఆ మాట ఎంత బరువో వేరే వ్యాసంలో వివరంగా రాయాలి.

అయితే తల్లుల ఆ వసారా నడక పూర్తిగా మరుగున పడలేదు. సంఘం ఏర్పడిన రోజునే, వృత్తాంతం రాసి ఉంచాలని వాళ్లకు ఆదేశం అందింది. అది 'సిద్ధాంతము మరియు నిబంధనలు' అనే వాళ్ల గ్రంథంలో 21వ ప్రకరణం. అందుకే మోర్మన్లు దినచర్యలు రాసే జనం. 2007 అక్టోబరు మహాసభలో సంఘ నాయకుడు హెన్రీ ఐరింగ్ తన సొంత అనుభవం చెప్పారు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు, ఎంత అలసినా, ఆ రోజు దేవుడి చెయ్యి తమ ఇంటిని ఎక్కడ తాకిందా అని ఆలోచించి, రోజూ కొన్ని వాక్యాలు ఏళ్ల తరబడి రాశారట. దైనందినాన్ని ఇంత నమ్మకంగా చూడటం నేర్చిన సంప్రదాయం నుంచే చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిచ్ వచ్చారు. ఆమె ఐడహోలో పుట్టిన మోర్మన్, ఐదుగురు బిడ్డల తల్లి. మెయిన్ ప్రాంతపు మంత్రసాని మార్తా బలార్డ్ దినచర్యను, ఇంటిపనుల చిట్టా అని చరిత్రకారులు పక్కన పెట్టినదాన్ని, చదివి 1990లో పుస్తకం రాశారు. మరుసటి ఏడు దానికి పులిట్జర్ వచ్చింది. 2017లో తొలితరం మోర్మన్ స్త్రీల దినచర్యలతో ఇంకో పుస్తకం రాశారు. చంటిబిడ్డ జ్వరం, ఉతికిన బట్టల లెక్క, ఎవరింటికి ఎవరు వచ్చారన్నది చరిత్ర కాదనుకునేవాళ్లకు ఆమె ఇచ్చిన జవాబు అది.

తెలుగు నేలకూ ఈ కథతో సంబంధం ఉంది. భారతదేశంలో ఈ సంఘపు మొదటి 'స్టేక్', అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, 2012 మేలో హైదరాబాదులో ఏర్పడింది. ఉటాలో మొదలైన ఆచారం తెలుగు ఇంట్లోకి వచ్చినప్పుడు దాని అర్థం కొంత మారక తప్పదు. కాఫీ, టీ తాగకూడదన్న నియమం ఉటాలో ఊరందరిదీ కావచ్చు. గడప దాటగానే టీ గ్లాసు చేతికొచ్చే మన ఇళ్లలో అది ప్రతి చుట్టరికంలోనూ వివరణ ఇచ్చుకోవలసిన విషయం. నామకరణం మాత్రం ఇట్టే అర్థమవుతుంది. సభ ముందు మగవాళ్లు వలయంగా నిలబడి, ఒక్కో చెయ్యి బిడ్డ కింద పెట్టి మెల్లగా ఊపుతుంటే, సాధారణంగా తండ్రే పేరు పలికి దీవిస్తాడు. బారసాలలో పళ్లెంలోని బియ్యం మీద పేరు రాసే తండ్రిని చూసినవాళ్లకు అది కొత్త కాదు. ఆ వలయంలో తల్లికి చోటు లేదు, బల్ల మీద కూర్చొని చూస్తుంది. బారసాలలో బిడ్డ ఆమె ఒడిలోనే ఉంటుంది.

ఎనిమిదేళ్లు నిండిన పిల్లకో పిల్లవాడికో బాప్తిస్మం జరిగే రోజు ఈ సన్నివేశాలన్నీ ఒకచోట చేరతాయి. తెల్లని బట్టల్లో తండ్రీ బిడ్డా నడుము లోతు నీళ్లలోకి దిగుతారు. శరీరమంతా మునగాలి. బొటనవేలు తేలినా, జడ కొస తేలినా మళ్లీ ముంచాలి. అది చూడటానికి ఇద్దరు సాక్షులుంటారు. చాలాకాలం యాజకత్వమున్న మగవాళ్లకే ఆ పని ఉండేది. 2019 అక్టోబరులో ఆ నియమం మారింది. బాప్తిస్మం పొందినవాళ్లెవరైనా, స్త్రీలైనా పిల్లలైనా, సాక్షి కావచ్చు. కనుక తొమ్మిదేళ్ల అక్క ఇప్పుడు నీటి తొట్టి అంచున నిలబడి, ముందుకు వంగి, తమ్ముడి కాలి వేళ్లకేసి రెప్ప వేయకుండా చూస్తుంది. అవి మునిగాయో లేదో ఆమె చెప్పాలి. వెనక తల్లి పొడి తువ్వాలు పట్టుకొని నిలబడి ఉంటుంది, చంకలో చంటిదానితో.