క్యాంబర్ (కిందికి దించిన కారులో)

కారుకు ఎదురుగా నిలబడి చూస్తే ముందు చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో చెప్పే కోణం క్యాంబర్. పైభాగం ఇంజను వైపు వాలితే అది నెగటివ్. స్ప్రింగులు మార్చి స్పోర్ట్స్ కారును దించితే, మెక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న బండిలో ఈ వాలు సాధారణంగా పెరుగుతుంది. టైరు లోపలి అంచు అరగగానే నిందంతా క్యాంబర్ మీద వేస్తారు. అసలు దోషి చాలాసార్లు టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్న కోణం. బండి దిగితే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ కోణమూ మారి, చక్రాలు నడిచే దారికి కాస్త అడ్డంగా ఒరుసుకుంటాయి. అరచేత్తో నిమిరితే తేడా దొరుకుతుంది: క్యాంబర్ అరుగుదల నున్నగా ఉంటుంది, టో అరుగుదల ఒకవైపు రంపపు పళ్లలా గుచ్చుకుంటుంది.

అరుగుదల తగ్గాలని వాలు తీసేస్తే మలుపులో పట్టు పోదా? పోతుంది, బాడీ ఒరిగినప్పుడు బయటి చక్రాన్ని నిటారుగా నిలిపేది ఆ వాలే. కానీ అది రేసు ట్రాక్ లెక్క. మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరే 167వ జాతీయ రహదారి మీద తిన్నగా వెళుతూ బ్రేకు వేసినప్పుడు టైరు వెడల్పంతా నేలను తాకాలి. అక్కడ 1 నుంచి 1.5 డిగ్రీల నెగటివ్ చాలు. సరిచేసే వరుస ఇది: మొదట ఎత్తు, తర్వాత స్ట్రట్ దగ్గరి క్యాంబర్ బోల్టు, చివర టో. క్యాంబర్ కదిలితే టో కూడా కదులుతుంది గనుక టో చూడని అలైన్‌మెంట్ సగం పనే.