ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని: నానో పదార్థాల పరిశీలన

పలుచని నమూనా గుండా ఎలక్ట్రాన్ పుంజాన్ని పంపి, అవతలికి వచ్చిన ఎలక్ట్రాన్లతో దాని లోపలి నిర్మాణాన్ని చిత్రించే పరికరమిది. నమూనా మందం సాధారణంగా 100 నానోమీటర్ల లోపే ఉండాలి. నానో కణాలనైతే ద్రవంలో కలిపి, కార్బన్ పొర పరచిన 3 మిల్లీమీటర్ల రాగి జల్లెడ మీద ఒక చుక్క వేసి ఆరబెడతారు.

కాంతి తరంగదైర్ఘ్యం విధించే పరిమితి వల్ల కాంతి సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదు. ఎలక్ట్రానుకూ తరంగ స్వభావం ఉంటుందని 1924లో లూయీ డి బ్రోయ్ ప్రతిపాదించాడు. తీగచుట్టలోని అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్లకు కటకంగా పనిచేస్తుందని 1926లో హాన్స్ బుష్ చూపాడు. 1931లో బెర్లిన్‌లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా రెండు కటకాలతో తొలి పరికరాన్ని నిర్మించారు. అది వస్తువును 20 రెట్లు కూడా పెద్దది చేయలేదు. రెండేళ్లకే రుస్కా 12,000 రెట్లకు చేరి కాంతి సూక్ష్మదర్శినిని దాటాడు. 1939లో సీమెన్స్ సంస్థ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. రుస్కాకు నోబెల్ బహుమతి 1986లో గానీ రాలేదు.

100 కిలోవోల్టులతో వేగవంతం చేసిన ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం 0.0037 నానోమీటర్లే. అయినా పరమాణువులు చాలాకాలం స్పష్టంగా కనిపించలేదంటే లోపం కటకాలది. అంచుల గుండా పోయే ఎలక్ట్రాన్లు నడిమి గుండా పోయేవాటి కన్నా ముందే కలుసుకుని చిత్రం అలుక్కుపోతుంది. దీన్నే గోళీయ విపథనం అంటారు. గుండ్రటి సౌష్ఠవం గల మామూలు ఎలక్ట్రాన్ కటకాల్లో ఇది తప్పదని 1936లో ఒట్టో షెర్జర్ గణితపరంగా నిరూపించాడు. ఆ సౌష్ఠవాన్నే వదులుకుంటే దోషాన్ని సరిదిద్దవచ్చని 1947లో దారి చూపిందీ ఆయనే. ఆ ఆలోచన పండడానికి అరశతాబ్దం పట్టింది. షెర్జర్ శిష్యుడు హెరాల్డ్ రోజ్ రూపకల్పన ఆధారంగా మాక్సిమిలియన్ హైడర్, క్నుట్ ఉర్బన్ బృందం 1998లో 200 కిలోవోల్టుల పరికరం పృథక్కరణ (బిందువులను విడదీసి చూపే) హద్దును 0.24 నానోమీటర్ల నుంచి 0.14 లోపుకు దించింది. ఈ రంగ చరిత్రలో ఇదొక పెద్ద మలుపు.

అంతకుముందే ఈ పరికరం పదార్థ శాస్త్రాన్ని రెండుసార్లు కుదిపింది. 1982లో డాన్ షెక్ట్‌మన్ అల్యూమినియం-మాంగనీసు మిశ్రలోహపు వివర్తన చిత్రంలో, స్ఫటికాల్లో ఉండరాదనుకున్న సౌష్ఠవాన్ని చూశాడు. క్వాసీ స్ఫటికాలు అలా బయటపడ్డాయి. 1991లో జపాన్‌లోని ఎన్‌ఈసీ సంస్థలో సుమియో ఈజిమా, ఆర్క్ విద్యుత్ కడ్డీపై పేరుకున్న కార్బన్‌లో సన్నని సూదులను గమనించాడు. పరిశీలిస్తే అవి ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాలు. పొరకూ పొరకూ ఎడం 0.34 నానోమీటర్లు, గ్రాఫైటులో ఉన్నంతే. సోవియట్ శాస్త్రజ్ఞులు రదుష్కేవిచ్, లుక్యానొవిచ్ 1952లోనే ఇలాంటి కార్బన్ తంతువుల చిత్రాలు ప్రచురించారు. అయినా ఈజిమా కృషితోనే కార్బన్ నానోగొట్టాలు ప్రపంచం దృష్టిలో పడ్డాయి.

చూసే ఎలక్ట్రానే నమూనాను చెరిచే ప్రమాదం కూడా ఉంది. 200 కిలోవోల్టుల వద్ద గ్రాఫీన్ నుంచి పరమాణువులు ఎగిరిపోతాయి కనుక వోల్టేజీని 80 కిలోవోల్టులు లేదా అంతకన్నా తక్కువకు తగ్గించి చూస్తారు. 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయ బృందం ఆ 80 కిలోవోల్టుల వద్దే, వివర్తన చిత్రాలను కంప్యూటరులో జోడించే పద్ధతితో, మాలిబ్డినం డైసల్ఫైడు పొరలో 0.039 నానోమీటర్ల పృథక్కరణ సాధించింది.