క్షమాపణ ఖర్చు ఎవరు కట్టారు? బలిపీఠం నుంచి సిలువ దాకా

ఈ ఎపిసోడ్‌కి కారణం కామెంట్‌లో వచ్చిన ఒక ప్రశ్న. "అన్నా, దేవుడు క్షమించాలనుకుంటే ఊరికే క్షమించొచ్చు కదా, మధ్యలో రక్తం ఎందుకు, బలి ఎందుకు, సిలువ ఎందుకు?" అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే చాలా పాత ప్రశ్న కూడా. దాదాపు 900 ఏళ్ల కిందట ప్యారిస్‌లో ఒక పండితుడు ఇదే అడిగి చిక్కుల్లో పడ్డాడు. ఆయన దగ్గరకు తర్వాత వస్తాను.

ముందే ఒక మాట. ఇది ప్రసంగం కాదు, ఎవరినీ ఏ మతంలోకి రమ్మనడానికో పొమ్మనడానికో చేస్తున్నది కాదు. ఒక ఆలోచన 2,000 ఏళ్లకు పైగా ఎలా నడిచొచ్చిందో చూద్దాం, అంతే.

చరిత్రలోకి వెళ్లే ముందు నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. డిగ్రీలో ఉన్నప్పుడు ఫ్రెండ్ బైక్ అడిగి తీసుకెళ్లి డివైడర్‌కి కొట్టాను. నాకేం కాలేదు, బండి ముందు భాగం మొత్తం పోయింది. "సారీ రా" అన్నాను. వాడు "పోన్లేరా, నీకేం కాలేదు కదా" అన్నాడు. నేను హ్యాపీ. క్షమాపణ అంటే ఇంతే కదా, ఫ్రీ అనుకున్నాను. చాలా రోజుల తర్వాత ఇంకొకడి ద్వారా తెలిసింది, రిపేర్‌కి 6,000 అయిందని, వాడు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి ఆ డబ్బు కట్టాడని. అంటే నాకు ఫ్రీగా దొరికిన క్షమాపణకి బిల్లు వేరేవాడు కట్టాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరం పడుతుంది.

ఇప్పుడు యెరూషలేముకి వెళ్దాం. అప్పట్లో ఒక యూదు మనిషి పొరపాటున పాపం చేశాడు. ఏం చేయాలి? లేవీయకాండం లెక్క చాలా స్పష్టంగా ఉంటుంది. యాజకుడు తప్పు చేస్తే కోడె దూడ. అధికారి అయితే మేకపోతు. మామూలు మనిషి అయితే ఆడ మేక గానీ ఆడ గొర్రె గానీ. కొన్ని పాపాల విషయంలో అంత స్తోమత లేనివాళ్లకి రెండు గువ్వలు చాలు. అదీ కుదరకపోతే? కొంచెం గోధుమ పిండి. అవును, పిండి. రక్తం లేదు, జంతువు లేదు. పేదవాడికి క్షమాపణ దొరకకుండా పోకూడదని పెట్టిన ఏర్పాటు అది. "బలి అంటే కోపంగా ఉన్న దేవుడికి రక్తం తాగించడం" అనే సినిమా టైపు ఊహ ఈ ఒక్క పిండితోనే సగం పడిపోతుంది.

ఇంకో రూల్ ఉంది, దీన్ని ఎక్కువమంది గమనించరు. ఎవరినైనా మోసం చేసి డబ్బో వస్తువో కొట్టేసి ఉంటే, బలి ఒక్కటీ సరిపోదు. కొట్టేసింది మొత్తం తిరిగిచ్చేయాలి, దాని మీద ఐదో వంతు కలిపి ఇవ్వాలి, పొట్టేలును కూడా తేవాలి. దేవుడి లెక్క దేవుడిది, మనిషి లెక్క మనిషిది. ఒకటి కట్టేసి రెండోది ఎగ్గొట్టడం కుదరదు.

ఇక సంవత్సరానికి ఒక్కసారి, ఏడో నెల పదో రోజున, యోమ్ కిప్పూర్. ప్రాయశ్చిత్త దినం. ఆ రోజు ప్రధాన యాజకుడు ముందు తన పాపాల కోసం కోడెను అర్పించాలి. ఆయన కూడా క్లీన్ కాదన్నమాట. తర్వాత రెండు మేకలు. చీట్లు వేస్తారు. ఒక మేకను బలి ఇచ్చి, ఆ రక్తాన్ని అతి పరిశుద్ధ స్థలంలో మందసం మూత మీద, దాని ముందు చల్లుతారు. రెండో మేక తల మీద యాజకుడు రెండు చేతులూ పెట్టి జనం చేసిన తప్పులన్నీ పైకి చెప్పి, దాన్ని ఎడారిలోకి తోలేయిస్తాడు. ఆ మందసం మూత పేరు హీబ్రూలో కప్పోరెత్. తెలుగు బైబిల్లో కరుణాపీఠము.

గమనించారా? ఇందులో రెండు పనులు జరుగుతున్నాయి. ఒకటి కడగడం, రెండోది మోసుకుపోవడం. పాపాన్ని వాళ్లు మనసులో ఉండే ఫీలింగ్‌గా మాత్రమే చూడలేదు. అదొక మరక, అదొక బరువు. తర్వాత అరమాయిక్ భాష మాట్లాడే రోజులకి ఇంకో పోలిక బలపడింది. అప్పు. యేసు మాట్లాడిన ఆ భాషలో అప్పుకీ పాపానికీ ఒకే మాట వాడతారు. అందుకే ఆయన కథల్లో అప్పులవాళ్లు అంతమంది కనిపిస్తారు.

ఇప్పుడు అసలు మలుపు. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం టైటస్ నాయకత్వంలో యెరూషలేమును పట్టుకుని దేవాలయాన్ని తగలబెట్టింది. రోమ్‌లో ఇప్పటికీ ఉన్న టైటస్ తోరణం మీద సైనికులు ఆలయ దీపస్తంభాన్ని మోసుకెళ్తున్న శిల్పం చూడొచ్చు. ఒక్క క్షణం ఆ జనం స్థానంలో నిలబడి ఆలోచించండి. పాపం పోగొట్టే చోటు అదొక్కటే. యాజకుడు లేడు, బలిపీఠం లేదు, మేక లేదు. మరి రేపటి నుంచి క్షమాపణ ఎలా?

ఈ ప్రశ్నకి ఒకే ఇంట్లోంచి రెండు జవాబులు వచ్చాయి. మొదటిది యూదు రబ్బీలది. యోహానాన్ బెన్ జక్కాయ్ అనే గురువు గురించి ఒక సంప్రదాయ కథ ఉంది. శిథిలాలు చూసి శిష్యుడు ఏడుస్తుంటే, బాధపడకు, బలితో సమానమైన ప్రాయశ్చిత్తం మన దగ్గర ఇంకొకటి ఉంది, అది సాటి మనిషికి దయ చూపడం అని ఆయన చెప్పాడట. దానికి ఆయన ఆధారం హోషేయ ప్రవక్త. దేవుడికి బలి కన్నా కనికరం ఇష్టమని హోషేయ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే చెప్పాడు. తర్వాత క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో ఇంకో ఖచ్చితమైన నియమం పెట్టారు. ప్రాయశ్చిత్త దినం దేవుడి పట్ల చేసిన పాపాన్నే పోగొడుతుంది, పక్కవాడి పట్ల చేసినది వాడిని ఒప్పించేదాకా పోదు.

రెండో జవాబు క్రైస్తవులది. వాళ్లది ఆలయం కూలకముందే మొదలైంది. సుమారు క్రీ.శ. 30లో, పస్కా పండుగ రోజుల్లో, పొంతి పిలాతు యేసును సిలువ వేయించాడు. సిలువ అంటే రోమన్లు బానిసలకీ తిరుగుబాటుదారులకీ వేసే శిక్ష, అత్యంత అవమానకరమైన చావు. మా గురువు ఇలా ఎందుకు చచ్చిపోయాడు అనే ప్రశ్నకి శిష్యులు తమకు తెలిసిన మాటల్లోనే జవాబు వెతుక్కున్నారు. 50వ దశకంలో పౌలు ఉత్తరాలు రాసే నాటికే, క్రీస్తు మన పాపాల కోసం చనిపోయాడనే మాట ఆయనకి ముందటివాళ్ల నుంచి అందిన విశ్వాసంగా ఉంది.

ఎన్ని పోలికలు వాడారో చూడండి. ఒకచోట పస్కా గొర్రెపిల్ల. అది నిజానికి పాప పరిహార బలి కాదు, ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలకి గుర్తు. ఇంకోచోట బానిసల్ని, బందీల్ని విడిపించే సొమ్ము, తెలుగు బైబిల్లో విమోచన క్రయధనము. రోమీయుల పత్రికలో పౌలు హిలాస్టేరియోన్ అనే గ్రీకు మాట వాడాడు. గ్రీకు పాత నిబంధనలో ఆ కరుణాపీఠానికి వాడిన మాట అదే! అంటే ఏడాదికి ఒక్కడే, ఒక్కసారే చూసే ఆ మూత, ఇప్పుడు ఊరి బయట అందరి ముందూ సిలువ మీద ఉంది అంటున్నాడు. హెబ్రీయులకు రాసిన పత్రిక ఇంకా ముందుకెళ్లి, యాజకుడూ ఆయనే, బలీ ఆయనే, ఇక రెండోసారి అక్కర్లేదు అంటుంది.

ఇక్కడ మన తెలుగుతో ఒక సంబంధం ఉంది. ప్రాయశ్చిత్తం అనే మాట బైబిల్ అనువాదకులు కొత్తగా పుట్టించింది కాదు. అది ధర్మశాస్త్రాల నుంచి వచ్చింది, యాజ్ఞవల్క్య స్మృతిలో మూడో భాగం పేరే ప్రాయశ్చిత్తాధ్యాయం. అక్కడ తప్పు చేసినవాడే వ్రతమో ఉపవాసమో దానమో చేసి ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. క్రైస్తవంలో తప్పు చేసింది నేను, ప్రాయశ్చిత్తం చేసింది ఇంకొకరు. మాట అదే, లోపలి అర్థం తిరగబడింది. ఈ విషయం మీద మనవాళ్లు ఇద్దరు వాదించుకుంటుంటే సగం సార్లు గొడవ ఇక్కడే. ఒకే మాట, రెండు అర్థాలు.

సరే, బిల్లు ఇంకొకరు కట్టారు. ఎవరికి కట్టారు? క్రైస్తవులు వెయ్యేళ్లు ఇదే కొట్టుకున్నారు. మూడో శతాబ్దపు ఓరిజెన్ లాంటివాళ్లు సైతానుకి అన్నారు, మనుషులు వాడి చెరలో ఉన్నారు కాబట్టి. నాలుగో శతాబ్దంలో నజియాంజుస్ గ్రెగరీ, దొంగకి దేవుడు సొమ్ము కట్టడమేంటి అని మండిపడ్డాడు. 1098లో ఇంగ్లండ్ ఆర్చిబిషప్ అన్సెల్మ్ ఒక పుస్తకం పూర్తి చేసి కొత్త లెక్క చెప్పాడు. పాపం అంటే దేవుడికి ఇవ్వాల్సిన గౌరవం ఎగ్గొట్టడం, ఆ బాకీ మనిషే కట్టాలి, కానీ దేవుడికి తప్ప కట్టే శక్తి ఎవరికీ లేదు, అందుకే దేవుడు మనిషయ్యాడు. ఇందులో ఆనాటి ప్రభువులు, సామంతుల వ్యవస్థ నీడ కనిపిస్తుందని చాలామంది చరిత్రకారులు అంటారు. 16వ శతాబ్దంలో లా చదివిన జాన్ కాల్విన్ దాన్ని కోర్టు భాషలోకి తెచ్చాడు, శిక్ష పడాల్సింది మనకి, అనుభవించింది ఆయన అని.

మధ్యలో ఇందాక చెప్పిన ప్యారిస్ పండితుడు, పీటర్ అబెలార్డ్. 12వ శతాబ్దం. నిర్దోషి రక్తం అడిగి తీసుకోవడం క్రూరత్వం కాదా అని ఆయన అడిగాడు. సిలువ దేవుడి మనసు మార్చడానికి కాదు, ఆ ప్రేమ చూసి మన మనసు మారడానికి అన్నది ఆయన జవాబు. తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదే. ఒక ఆసక్తికరమైన సంగతి ఏంటంటే, ఈ వివరణల్లో ఇదొక్కటే సరైనది అని పురాతన సార్వత్రిక సభలేవీ తీర్మానించలేదు.

ఇక ఈ ఆలోచన ఎక్కడ చెడిపోయింది? డబ్బు దగ్గర. పాపక్షమాపణ తర్వాత కూడా మిగిలే శిక్షను తగ్గించే పత్రాలను చర్చి ఇచ్చేది. అధికారికంగా అది పాపాన్ని అమ్మడం కాదు, కానీ జనానికి అర్థమైంది మాత్రం డబ్బు కడితే పని అయిపోతుందని. రోమ్‌లో సెయింట్ పీటర్స్ బసిలికా కట్టడానికి, ఒక ఆర్చిబిషప్ బ్యాంకు అప్పు తీర్చడానికి జర్మనీలో ఈ పత్రాలు అమ్మారు. 1517 అక్టోబర్ 31న మార్టిన్ లూథర్ 95 వాదాలతో దీన్ని ఎదిరించాడు. వాటిలో మొదటిదాని సారం, క్రైస్తవుడి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని. క్షమాపణ కొనేది కాదు, ఉచితం అన్నాడు.

కానీ ఉచితం అనేదానికీ ఒక ప్రమాదం ఉంది. 400 ఏళ్ల తర్వాత అదే జర్మనీలో, అదే లూథరన్ చర్చి పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్ దాన్ని పట్టుకున్నాడు. 1937లో రాసిన పుస్తకంలో చౌక కృప అని దానికి పేరు పెట్టాడు. పశ్చాత్తాపం అడగకుండా క్షమాపణ పంచిపెట్టడం. ఆదివారం చర్చిలో క్షమాపణ పొంది, సోమవారం పక్కింటి యూదుణ్ణి వేధిస్తుంటే తలుపేసుకునే దేశంలో ఆ మాట అన్నాడు. 1945 ఏప్రిల్ 9న నాజీలు ఆయన్ని ఉరితీశారు.

అదే ఏడాది అక్టోబర్‌లో జర్మన్ ప్రొటెస్టెంట్ చర్చి నాయకులు స్టుట్‌గార్ట్‌లో ఒక ప్రకటన చేశారు. మేం ఇంకా ధైర్యంగా నిలబడాల్సింది, ఇంకా నమ్మకంగా ప్రార్థించాల్సింది అని ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో అదే పెద్ద మాట. కానీ అందులో యూదుల పేరు లేదు. దేవుడి ముందు తల వంచారు, ఎవరికి నష్టం జరిగిందో వాళ్ల పేరు మాత్రం ఎత్తలేదు. లేవీయకాండంలోని ఆ ఐదో వంతు రూల్ గుర్తుందా? మిష్నా నియమం గుర్తుందా? యేసు కూడా ఇదే అన్నాడు కదా, బలిపీఠం దగ్గర కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి నీ సోదరుడితో సమాధానపడు అని.

నాకు అర్థమైంది ఇది. క్షమాపణ ఉచితం కావచ్చు, కానీ దాని ఖర్చు ఎవరో ఒకరు భరిస్తారు. పొందినవాడు ఆ ఖర్చు చూడకపోతే అది చౌకైపోతుంది. చూస్తే, ఊరికే కూర్చోలేడు. లూకా సువార్తలో జక్కయ్య అనే పన్ను వసూలుదారుడు, యేసు తన ఇంటికి వచ్చాక, మోసం చేసినవాళ్లకి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఎవరూ అడక్కుండానే.

ఈ ఎపిసోడ్ రాసుకుంటూ ఆ బైక్ ఫ్రెండ్‌కి ఫోన్ చేశాను. 6,000కి ఐదో వంతు కలిపి 7,200 పంపాను. "ఒరేయ్, ఏంట్రా ఇది, ఎప్పుడో మర్చిపోయాను" అన్నాడు. కొంచెంసేపు ఆగి, "ఆ నెల మాత్రం చాలా కష్టమైంది రా" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ మాట వాడు నాతో అనడం అదే మొదటిసారి. ఎందుకంటే ఇన్నేళ్లలో నేను అడగడం కూడా అదే మొదటిసారి.

మీకూ అలాంటి బాకీ ఒకటి గుర్తొచ్చి ఉంటే, కామెంట్ నాకు తర్వాత పెట్టండి. ముందు వాళ్లకి ఫోన్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.