పూత మందమే గడియారం

గుంటూరు జిల్లా అనగానే పత్తి, మిర్చి గుర్తుకొస్తాయి. మందుల తయారీ చరిత్రలోనూ ఈ నేలకు చోటుంది. ఆ జిల్లాలోని గొల్లమూడిపాడులో పుట్టిన నన్నపనేని వెంకయ్య చౌదరి ఫార్మసీ చదివి, అమెరికా మందుల పరిశ్రమలో పనిచేసి వచ్చి, 1981లో హైదరాబాదు కేంద్రంగా నాట్కో మందుల సంస్థను స్థాపించారు. తొలినాళ్ళలో ఆ సంస్థ చేపట్టింది మందును నెమ్మదిగా విడుదల చేసే గుళికల తయారీ. జలుబుకు వాడే కోల్డాక్ట్ క్యాప్సూల్ ఆ కోవలోదే.

ఈ విద్య మార్కెట్లోకి వచ్చింది 1952లో. అమెరికాలో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ సంస్థ స్పాన్స్యూల్ పేరుతో దాన్ని విడుదల చేసింది. పంచదార, మొక్కజొన్న పిండితో ఆవగింజకంటే చిన్న గుళికలు చేస్తారు. వాటిని వాలుగా తిరిగే గుండ్రటి పాన్‌లో పోసి, జిగురు ద్రావణంతో తడుపుతూ మందుపొడి చల్లుతారు. వేడిగాలితో ఆరబెట్టి మళ్ళీ తడుపుతారు. ఇలా పొర మీద పొర ఎక్కించాక మైనం, లక్క లేదా ఇథైల్ సెల్యులోజ్ పూత వేస్తారు. పత్తి పీచులో ఉండేదీ సెల్యులోజే. దాన్ని రసాయనికంగా మార్చితే నీటిలో కరగని పూత తయారవుతుంది. కొన్ని గుళికలకు పూత ఉండదు, కొన్నింటికి పలుచగా, మరికొన్నింటికి మందంగా ఉంటుంది. అన్నీ కలిపి ఒకే క్యాప్సూల్లో నింపితే కొంత మందు వెంటనే, మిగిలింది గంటల తరబడి విడుదలవుతుంది.

తడి కాస్త ఎక్కువైతే గుళికలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తక్కువైతే పొడి పట్టదు. ఈ తేడాను పాన్ దగ్గర నిలబడిన పనివాడి కన్ను, చెయ్యి పసిగట్టేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేల్ వర్స్టర్ 1950లలో గుళికలను గాలిలో తేలుస్తూ పూత వేసే యంత్రాన్ని రూపొందించాక ఆ పని మరింత నిలకడగా సాగింది.

ఆ తర్వాత కంప్యూటర్ చిప్పులు చేసే పద్ధతి కూడా ఈ రంగంలోకి వచ్చింది. కాలిఫోర్నియాలో తేజల్ దేశాయ్ బృందం కాంతితో ప్లాస్టిక్ పలకను చెక్కి, పేగు గోడకు అంటుకునే సూక్ష్మ పాత్రలు చేసింది. మందు ఒకవైపు నుంచే బయటికి వస్తుంది. పరిశోధనగా ఇది గొప్పదే. అయినా కోట్లమంది నోటికి ఇప్పటికీ చేరుతున్నది పూత గుళికే.

2012లో సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందును, వేరొకరి పేటెంటు ఉన్నా, తక్కువ ధరకు తయారు చేసేందుకు తప్పనిసరి లైసెన్సు వచ్చాక నాట్కో పేరు ధరల పోరాటంతో ముడిపడింది. ఆ కీర్తి న్యాయమైనదే. దాని నీడలో ఈ తయారీ నైపుణ్యం మరుగున పడింది. పాన్ల దగ్గర చేతులు పండిన పనివారు ఇంకా మన మధ్య ఉండగానే గుంటూరు, ప్రకాశం ఫార్మసీ కళాశాలలు వారి అనుభవాన్ని అడిగి రాసిపెట్టాలి.