మైదానం పక్కన పెంకుటిల్లు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న పెద్దవాళ్ళకి ఫుట్‌బాల్ సంగతి తెలిసి ఉంటే "స్టేడియం కట్టి చూడు" అని మూడోది కూడా చేర్చేవాళ్ళేమో!

2025 నవంబరు 22, శనివారం. రాత్రి తొమ్మిది కావస్తోంది. కంచాలు పెట్టి మా అబ్బాయిని మూడుసార్లు పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు. గదిలోకి తొంగి చూస్తే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. గుండె గుభేలుమంది. "ఏమైందిరా?" అంటే, "బార్సిలోనా వాళ్ళు సొంతింటికి వచ్చేశారమ్మా, రెండున్నరేళ్ళ తర్వాత" అన్నాడు.

తెర మీద చూద్దును కదా, ఆ సొంతింటికి పై అంతస్తే లేదు! ప్రస్తుతానికి 45,000 మందికే చోటట. పూర్తయితే 1,05,000 మంది పడతారట. "అయ్యో రామా, పని కాకుండానే గృహప్రవేశం చేసేసుకున్నారా? అచ్చం మనలాగే" అన్నాను. మేమూ వంటింటికి గచ్చు పడకుండానే పాలు పొంగించుకున్నవాళ్ళమే మరి.

నాకు ఆటలో ఓనమాలు రావు. బంతి వలలో పడితే గోలని తెలుసు, అంతే. కానీ ఇళ్ళ కథలన్నా, ఇళ్ళకోసం మనుషులు చేసే అప్పుల కథలన్నా చెవి కోసుకుంటాను. నవలలు రాసేవాళ్ళకి అంతకంటే ముడిసరుకు ఏముంది? ఆ రాత్రి వాడు చెప్పింది కొంత, తర్వాత నేను పట్టుబట్టి చదివింది కొంత. చదివేకొద్దీ నాకు ఆ మహా స్టేడియం కంటే దాని పక్కనున్న ఓ పాత ఇల్లే ఎక్కువ నచ్చింది.

ముందు పెద్దింటి సంగతి. స్పెయిన్ దేశంలో, కాటలోనియా ప్రాంతంలో ఉన్న ఈ క్లబ్బు 1899లో పుట్టింది. దీనికి సేఠులాంటి యజమాని ఎవరూ లేరు. ఏటా చందా కట్టే సభ్యులే యజమానులు. మన సహకార సంఘం లాంటిదన్నమాట. 1922లో కట్టుకున్న లెస్ కోర్ట్స్ మైదానం వాళ్ళకి కొన్నాళ్ళు సరిపోయింది. 1950లో కుబాలా అనే హంగరీ ఆటగాడు చేరాక అతని ఆట చూడ్డానికి జనం విరగబడ్డారు. చోటు చాల్లేదు. ఇక కొత్తిల్లు కట్టాల్సిందే అనుకున్నారు.

దొరికిన స్థలం కూడా భలే చోటు. ఒక దిక్కున పురిటి ఆస్పత్రి, ఇంకో దిక్కున శ్మశానం. రెంటికీ నడుమ ఆటా, అరుపులూ. వేదాంతులెవరైనా చూస్తే పొంగిపోయేవాళ్ళు.

1954 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అంచనా 6 కోట్ల 66 లక్షల పెసెటాలు. 1957 సెప్టెంబరు 24న తలుపులు తెరిచేసరికి అయిన ఖర్చు 28 కోట్ల 80 లక్షలు! నాలుగు రెట్లు దాటింది. మా మేస్త్రీ లెక్కలు చూసి నేను అనవసరంగా ఆయన్ని ఆడిపోసుకున్నాననిపించింది. జనం ఆ స్టేడియాన్ని "కొత్త మైదానం" అని పిలుచుకున్నారు. వాళ్ళ కాటలాన్ భాషలో క్యాంప్ నౌ అంటే అర్థం అదే. ఆ పేరే ఖాయమని సభ్యులు ఓటేసి తేల్చడానికి 2000 దాకా పట్టింది. మన ఇళ్ళలో "కొత్తకోడలు" అన్న పిలుపు ఆవిడకి కోడలు వచ్చేదాకా పోనట్టే.

ఇల్లయితే వచ్చింది కానీ అప్పు కూడా వచ్చి కూర్చుంది. ఇల్లు కట్టి నగలు అమ్ముకున్న వాళ్ళని మనం ఎరుగుదుం. వీళ్ళూ అదే పని చేశారు. లూయిస్ సువారెజ్ అని, 1960లో యూరప్ మొత్తానికీ ఉత్తమ ఆటగాడని బంగారు బంతి అందుకున్న మనిషి. మరుసటేడే అతన్ని ఇటలీ వాళ్ళకి రెండున్నర కోట్ల పెసెటాలకి అమ్మేశారు. పాత మైదానం స్థలం అమ్ముదామంటే అక్కడ ఇళ్ళు కట్టుకోవడానికి అనుమతి రావాలి. అది 1965 దాకా, ఫ్రాంకో ప్రభుత్వం తల ఊపేదాకా రాలేదు. ఈలోగా ఆటలోనూ దరిద్రమే. 1960లో దేశపు లీగు గెలిచినవాళ్ళు మళ్ళీ గెలిచింది 1974లో. పద్నాలుగేళ్ళు! అంత పెద్ద హాలు కట్టుకుని, అందులో వేయడానికి కుర్చీలు లేనట్టయింది వాళ్ళ పని.

ఇంక పెంకుటిల్లు దగ్గరికి వద్దాం.

స్టేడియం స్థలంతో పాటే ఓ పాత రాతి ఇల్లు కూడా వచ్చింది. 1702లో కట్టిన రైతు ఇల్లు. అక్కడి భాషలో అలాంటి ఇంటిని మాసియా అంటారు. స్టేడియం కట్టేటప్పుడు ఇంజనీర్లు దాన్ని నమూనాలు చేసుకునే గదిగా వాడుకున్నారు. పని అయ్యాక తాళం పెట్టేశారు. పెరట్లో పాత సామాను గదికి మనం పెట్టేస్తామే, అలాగ. 1966లో బాగు చేయించి క్లబ్బు ఆఫీసు పెట్టారు. ఆఫీసుకీ చాలకపోయాక, ఏం చేద్దామా అనుకుంటుంటే, దూరపు ఊళ్ళనుంచి ఆట నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి బస కావాలన్న మాట వచ్చింది. అలా 1979 అక్టోబరు 20న అది పిల్లల హాస్టలయింది. కోట్లు పోసి కట్టిన స్టేడియానికి ఆటగాళ్ళనిచ్చే ఇల్లు ఇదే అవుతుందని ఆ రోజు ఎవరైనా అన్నారో లేదో మరి.

పిల్లల్ని ఏరి తెచ్చే పని ఓరియోల్ టోర్ట్ అనే ఆయనది. పొట్టకూటికి మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్. మిగిలిన సమయమంతా ఊళ్ళమ్మట మైదానాల అంచున నిలబడి పిల్లల ఆట చూడ్డమే. ఇంకొకాయన లౌరియానో రూయిజ్. 1970లలో పిల్లల శిక్షణ చూడ్డానికి వచ్చాడు. ఆఫీసు గోడకి ఒక బోర్డు ఉండేదట: 1.80 మీటర్ల కంటే పొట్టి పిల్లాణ్ణి తెచ్చేవాళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపొండని దాని సారాంశం. ఆయన దాన్ని పీకి అవతల పారేశాడు. పెళ్ళిచూపుల్లో ఎత్తు కొలిచేవాళ్ళు ఈ సంగతి చదవాలి! ఎందుకంటే తర్వాతి కాలంలో ఆ క్లబ్బుని ఆకాశానికెత్తిన ముగ్గురూ, షావీ, ఇనియెస్టా, మెస్సీ, ఆ బోర్డు ఉంటే గుమ్మం దాటేవాళ్ళు కారు.

శిక్షణ కూడా చూడ్డానికి పిల్లల ఆటలానే ఉంటుంది. గుండ్రంగా నిలబడతారు. మధ్యలో ఒకరో ఇద్దరో. చుట్టూ ఉన్నవాళ్ళు బంతి అందకుండా ఒకరికొకరు తోసుకుంటూ ఉండాలి. బలం కాదు, చూపు కావాలి. బంతి కాలి దగ్గరికి రాకముందే ఎవరికివ్వాలో తెలిసి ఉండాలి. ఈ ఒక్క ఆటనే ఏళ్ళ తరబడి ఆడించారు. మొక్కై వంగనిది మానై వంగదని వాళ్ళకీ తెలుసు.

ఇక్కడే నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్న చోటుంది.

1996 సెప్టెంబరు. ఫ్వెంతెఅల్బియా అనే చిన్న ఊరినుంచి, ఇంచుమించు 500 కిలోమీటర్లు ప్రయాణం చేసి, పన్నెండేళ్ళ ఆంద్రెస్ ఇనియెస్టాని తెచ్చి ఆ హాస్టల్లో దింపారు. తండ్రి తాపీమేస్త్రీ. ఆ రాత్రి పిల్లాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లీ తండ్రీ దగ్గర్లోని హోటల్లో ఉన్నారు. తండ్రికి నిద్ర పట్టలేదు. తెల్లారగానే తీసుకుపోదామన్నాడు. ఆపింది తల్లి. ఇప్పుడు తీసుకుపోతే అది నీ బాధ కోసమే అవుతుంది కానీ వాడి కోసం కాదు, వాడికి ఒక్క అవకాశం ఇవ్వు అన్న అర్థం వచ్చేలా గట్టిగా చెప్పింది. ఇదంతా వాళ్ళే తర్వాత చెప్పుకున్నారు.

మా అత్తయ్యగారికి ఈ కథ చెబితే ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఆ రాత్రి వాడికి అన్నం ఎవరు పెట్టారమ్మాయ్?"

నేనేం చెప్పను? మా వాణ్ణి ఆరో తరగతిలో వేరే ఊళ్ళో ఓ హాస్టల్లో చేర్పించాం. వాడూ ఏడ్చాడు. మా ఇంట్లో కథ తిరగబడింది. "ఉండనీ, అలవాటు పడతాడు" అన్నది మా వారు. మూడో రోజు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి పెట్టెతో సహా తెచ్చేసుకున్నది నేను. పుస్తకంలో ఆ తల్లి మాటలు చదువుతుంటే ఎవరో నా జబ్బ పట్టుకుని నిలదీసినట్టయింది.

ఇనియెస్టా ఉండిపోయాడు. 2010 జూలై 11న ప్రపంచ కప్పు ఫైనల్లో, ఆట ఇంకో నాలుగు నిమిషాల్లో ముగుస్తుందనగా, స్పెయిన్‌ని గెలిపించిన ఒకే ఒక్క గోలు అతనిదే. ఆ రోజు మైదానంలో దిగిన పదకొండు మందిలో ఆరుగురు ఈ క్లబ్బు పెంచిన పిల్లలే. ఆ ఏటి బంగారు బంతికి చివరిదాకా నిలిచిన ముగ్గురూ వీళ్ళే. 2012 నవంబరు 25న లెవాంటేతో జరిగిన ఆటలో ఒకాయనకి దెబ్బ తగిలి ఇంకొకరు దిగేసరికి, బార్సిలోనా పదకొండు మందీ తమ శిక్షణలో పెరిగినవాళ్ళే అయ్యారు. డబ్బిచ్చి తయారుగా ఉన్నవాణ్ణి కొనుక్కొచ్చే ఆటలో ఇది మాటలు కాదు.

కానీ లెక్కకి ఇంకో పేజీ ఉంది. మొదటి ముప్ఫై ఏళ్ళలో ఇల్లూ వాకిలీ వదిలి ఆ పెంకుటింట్లో ఉన్న పిల్లలు 440 మంది. పెద్ద జట్టులోకి వెళ్ళినవాళ్ళు 40 మంది. మిగతా 400 మంది తల్లులు కూడా ఏదో ఒక హోటల్ గదిలో, లేకపోతే ఇంటి దగ్గర, అలాంటి రాత్రే గడిపి ఉంటారు కదా! వాళ్ళ మాటలు ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ పిల్లలు బడికి కూడా వెళ్ళాలన్న నియమం ఉండడం ఒక్కటే కాస్త ఊరట.

మెస్సీ సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం. 2000లో, పదమూడేళ్ళప్పుడు, అర్జెంటీనా నుంచి వచ్చాడు. ఒళ్ళు ఎదగడానికి రోజూ సూది వేసుకోవాల్సిన పిల్లాడు. వైద్యానికి డబ్బు కావాలి. ఆ డిసెంబరు 14న క్లబ్బు మనిషి ఒకాయన చేతికందిన కాగితపు రుమాలు మీదే "తీసుకుంటాం" అని రాసి సంతకం చేశాడు. ఆ రుమాలు 2024లో లండన్ వేలం సంస్థలో 7,62,400 పౌన్లు పలికింది. అయితే అందరూ అనుకునేట్టు అతను ఈ హాస్టల్లో ఉండలేదు, అద్దె ఇంట్లో ఉన్నాడు. కొన్ని నెలలకే తల్లి మిగతా పిల్లల్ని తీసుకుని అర్జెంటీనా వెళ్ళిపోయింది. తండ్రీ కొడుకూ మిగిలారు. సంసారం సముద్రానికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ అయింది. రుమాలుకి వెల కట్టారు, దీనికి కట్టలేదు.

ఇంతసేపూ అబ్బాయిలు, అబ్బాయిలు అంటున్నాను, గమనించారా? అమ్మాయిలకి ఆ హాస్టల్లో మంచం దొరకడానికి 1979 నుంచి 2021 దాకా, అంటే నలభై రెండేళ్ళు పట్టింది. ఐతానా బొన్మాతి 2012లో పద్నాలుగేళ్ళప్పుడు క్లబ్బులో చేరింది. అబ్బాయిలు మెట్లు దిగి మైదానానికి వెళ్తుంటే, ఈ పిల్ల తండ్రిని వెంటబెట్టుకుని బస్సులూ రైళ్ళూ మారుతూ రోజూ గంటల తరబడి వచ్చేది. 2023, 2024, 2025, వరసగా మూడేళ్ళు బంగారు బంతి ఆ పిల్లదే. అన్నట్టు, బొన్మాతి అనేది తల్లివైపు ఇంటిపేరు. స్పెయిన్‌లో ప్రతివాళ్ళకీ రెండు ఇంటిపేర్లు ఉంటాయి. తండ్రిది ముందు రావాలన్నది పాత చట్టం. 1999లో అది మారింది. మారాలని పోరాడినవాళ్ళలో ఈ పిల్ల అమ్మానాన్నలూ ఉన్నారు. నాకు ఫుట్‌బాల్ మీద గౌరవం పుట్టింది ఈ మాట చదివాకే అంటే మా అబ్బాయి నవ్వుతాడు.

ఇప్పుడు పిల్లలు ఆ పెంకుటింట్లో లేరు. 2006లో ఊరి అంచున శిక్షణ మైదానాలన్నీ ఒకచోట కట్టారు. 2011లో అక్కడే టోర్ట్ గారి పేరు పెట్టి అయిదంతస్తుల కొత్త హాస్టలు తెరిచారు, 83 మంచాలతో. పేరు మాత్రం పాత ఇంటిదే తీసుకెళ్ళారు. లామీన్ యమాల్ ఈ కొత్త హాస్టలు పిల్లాడే. 2023 ఏప్రిల్లో పెద్ద జట్టులో దిగేనాటికి పదిహేనేళ్ళు.

అప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. పైనుంచి కొన్న ఆటగాళ్ళకి పోసిన డబ్బుతో క్లబ్బు మునిగిపోయి, 2021 ఆగస్టులో మెస్సీని కూడా నిలుపుకోలేకపోయింది. అతను అందరిముందూ రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాడు. స్టేడియం తిరగకట్టడానికి 2023లో 145 కోట్ల యూరోల అప్పు ఎత్తారు. అరవై ఏళ్ళ కిందటి కథే మళ్ళీ మొదటినుంచి. అన్ని అప్పుల మధ్యా జట్టుని నిలబెట్టింది ఆ హాస్టలు పిల్లలే.

ఆ శనివారం రాత్రి వాళ్ళు 4-0తో గెలిచారు. మా వాడు అప్పుడు కానీ భోజనానికి రాలేదు. ఆవకాయ కలుపుకుంటూ, తల ఎత్తకుండానే, "ఆ హాస్టల్లో మైదానం భలే పెద్దదమ్మా. నీకు గుర్తుందా?" అన్నాడు.

గుర్తుంది. గేటు దాటేటప్పుడు వాడు పెట్టె మీద కూర్చుని వెనక్కి తిరిగి చూసింది దాన్నే. నేను అనుకున్నట్టు బడిని కాదు.

"పప్పు చల్లారిపోయింది, వేడి చేసి తెస్తానుండు" అని లేచాను.