ఉల్లిపొర నుంచి గ్రంథి ముక్క దాకా

మన బడి సైన్సు గదిలో ఒకే ఒక్క మైక్రోస్కోప్ ఉండేది. తొమ్మిదో తరగతిలో సార్ ఉల్లిపొరను గాజుపలక మీద పెట్టి, మమ్మల్ని వరుసగా నిలబెట్టి చూపించారు. "ఏం కనబడాలో పుస్తకంలో ఉంది. నీకు ఏం కనబడిందో అది గీయి" అనేవారు. ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తెలియలేదు.

నా బెంచీ మిత్రుడి సంగతి అతని అనుమతితోనే రాస్తున్నాను. కొన్నేళ్ల కింద వాడి మెడ పక్కన గడ్డ లేచింది. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. చూసిన డాక్టరు క్షయ అన్నారు. మన దగ్గర మెడ గ్రంథులు వాస్తే ఎక్కువసార్లు అది క్షయే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. "మందులు మధ్యలో ఆపకురా" అని నేను కూడా ఫోనులో చెప్పాను. ఏడు నెలలు మింగాడు. గడ్డ తగ్గకపోగా చంకలో ఇంకొకటి వచ్చింది. చివరికి హైదరాబాదులో ఒక గ్రంథిని మొత్తంగా తీసి పరీక్షిస్తే హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేలింది. అంటే లింఫ్ గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్.

ఆ రిపోర్టులో 'రీడ్–స్టెర్న్‌బర్గ్ కణాలు' అని ఉంది. ఎవరీ రీడ్ అని వెతికితే, మా వాడికి జరిగిన పొరపాటు వైద్యచరిత్రలో నూరేళ్లకు పైబడిందని తెలిసింది.

1832లో లండన్ గైస్ ఆసుపత్రికి చెందిన థామస్ హాడ్జ్‌కిన్, గ్రంథులూ ప్లీహమూ ఉబ్బి చనిపోయిన కొందరి వివరాలు ప్రచురించాడు. ఆయన చూసింది మామూలు కంటితోనే. 1865లో శామ్యూల్ విల్క్స్ ఆ జబ్బుకు హాడ్జ్‌కిన్ పేరు పెట్టాడు. 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టాక, గ్రంథుల వాపు అనగానే క్షయ మీదికి చూపు పోయేది. 1898లో వియన్నాలో కార్ల్ స్టెర్న్‌బర్గ్ ఈ గ్రంథుల్లోని పెద్ద పెద్ద కణాలను చక్కగా వర్ణించాడు. కానీ ఆయన చూసిన రోగుల్లో చాలామందికి క్షయ కూడా ఉండడంతో, ఇది క్షయలోనే ఒక వింత రకం అనుకున్నాడు.

1902లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో డొరోతీ రీడ్ అనే ఇరవై ఎనిమిదేళ్ల డాక్టరు ఆ చిక్కు విప్పింది. ఆమె వ్యాసం పేరులోనే 'క్షయతో దీని సంబంధం' అన్న మాట ఉంది. క్షయ గ్రంథిలోనూ పెద్ద కణాలుంటాయి, కానీ వాటి కేంద్రకాలు అంచున గుర్రపు నాడాలా వరుసకడతాయి. గ్రంథి మధ్య భాగం చచ్చి జున్నులా మారుతుంది. హాడ్జ్‌కిన్ కణంలో రెండు పెద్ద కేంద్రకాలు గుడ్లగూబ కళ్లలా కనబడతాయి. ఈ తేడాలు చూపి, ఇది క్షయ కాదు, వేరే జబ్బు అని రీడ్ తేల్చింది. ఇంత చేసినా, ఆడవాళ్లకు అక్కడ పై పదవి దొరకదని తెలిసి ఆ సంస్థను వదిలేసింది. తర్వాత తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం పనిచేసింది.

1926లో హెర్బర్ట్ ఫాక్స్ అనే ఆయన, గైస్ మ్యూజియంలో దాచి ఉన్న హాడ్జ్‌కిన్ కాలంనాటి గ్రంథులను మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. తొంభై నాలుగేళ్ల తర్వాత కూడా రెండింటిలో ఆ జబ్బు గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. ముక్కను దాచిపెడితే అది సాక్ష్యం చెబుతుంది.

బొగ్గు కోసం బోరు వేసే పని తెలిసిన మనకు ఇది కొత్త కాదు. బోరులో నుంచి బయటికొచ్చే పొడి చూస్తే కింద బొగ్గుందని తెలుస్తుంది. సీమ్ మందమెంత, దాని మీద ఏ రాయి ఉంది, పొరల వరస ఏమిటి అన్నది తెలియాలంటే కోర్ తీసి, పెట్టెలో లోతు ప్రకారం పేర్చి చూడాలి. సూదితో గ్రంథిలోంచి లాగిన నాలుగు కణాలు ఆ పొడిలాంటివి. హాడ్జ్‌కిన్‌లో అసలు రోగ కణాలు చాలా తక్కువ, మిగతావన్నీ మామూలు కణాలే. సూదికి అవి చిక్కకపోవచ్చు. గ్రంథిని మొత్తంగా తీస్తే దాని కట్టడి కూడా కనబడుతుంది. ఇప్పుడు సీడీ30, సీడీ15 వంటి రంగు పరీక్షలతో ఆ నిర్ధారణ ఇంకా గట్టిపడింది.

కోర్ చూడకుండా ఏ సీమ్ గురించీ సంతకం పెట్టని నేను, మిత్రుడి విషయంలో "ముక్క తీసి చూశారా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. అదే నా బాధ.

హాడ్జ్‌కిన్ లింఫోమా చాలామందికి నయమయ్యే క్యాన్సర్. మా వాడికి ఆలస్యం వల్ల చికిత్స ఎక్కువైంది, అయినా కోలుకున్నాడు. ఈ స్వర్ణోత్సవానికి వస్తున్నాడు. "ఆ ఏడు నెలల ముచ్చట రాయి, ఇంకొకరికన్నా పనికొస్తది" అన్నది వాడే.

క్షయ మందులు ఎవరూ సొంతంగా ఆపొద్దు. కానీ మందులు వాడుతున్నా గడ్డ పెరుగుతుంటే, ముక్క పరీక్ష అయిందా అని డాక్టరును మర్యాదగా అడగండి. అనుకున్నది కాదు, కనబడింది గీయాలని మన సార్ అప్పుడే చెప్పారు.

— 1987 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, రామగిరి